ఆకలికి వేసవి సెలవులుండవు

మే నెలలో ఒక మధ్యాహ్నం రాజోలు దగ్గర పల్లెలో, వలస వెళ్ళిన స్త్రీల కుటుంబాల వివరాలు సేకరిస్తూ ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాను. తల్లి కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళి రెండేళ్ళయింది. ఇద్దరు పిల్లలూ అమ్మమ్మ దగ్గరే. ఆరో తరగతి పూర్తిచేసిన మనవరాలు పొయ్యి దగ్గర గంజి వారుస్తోంది. తమ్ముడు కంచం పట్టుకుని నిలబడ్డాడు. "బడున్నన్నాళ్ళూ మజ్జానం బెంగుండదండి. ఇప్పుడు పొద్దుట వొండిందే రాత్తిరిదాకా సద్దుకోవాలండి" అంది అమ్మమ్మ. ఆ మాట రాసుకోవడానికి నా ప్రశ్నావళిలో గడి లేదు.

కోనసీమ అంటే కొబ్బరి తోటలు, పచ్చని చేలు. ఇక్కడ ఆకలి ఉందంటే బయటివాళ్ళు నమ్మరు. కానీ వేసవిలో ఏం జరుగుతుందో చూడండి. దాళ్వా కోతలు అవగానే కాలువలు కట్టేస్తారు. కోతల కూలి చాలావరకు యంత్రాలు తీసుకుపోయాయి. సార్వా ఆకుమడులు పడేదాకా కూలి ఆడవాళ్ళకు పని దొరకదు. సరిగ్గా అప్పుడే బడి కూడా మూస్తారు. 2025లో ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా, అంటే 49 రోజులు. ఇంట్లో కూలి డబ్బు తగ్గిన రోజుల్లోనే పిల్లల పళ్ళెంలో అన్నమూ గుడ్డూ పోతాయి.

ఇది అనుకోకుండా జరిగింది కాదు. చట్టంలోనే రాసి ఉంది. 2013 ఆహార భద్రతా చట్టం ఎనిమిదో తరగతి దాకా పిల్లలకు రోజూ ఉచిత భోజనం హక్కు అంటూనే, 'బడి సెలవు రోజుల్లో తప్ప' అని ఒక మాట చేర్చింది. ఆ ఒక్క మాటతో హక్కుకు కూడా సెలవులొచ్చాయి. అంగన్‌వాడీలో పిల్లలకు ఏడాదికి 300 రోజులు ఆహారం ఇవ్వాలన్నది లెక్క. అదే బిడ్డ ఒకటో తరగతిలో చేరగానే వేసవి ఆకలి మనకు పట్టదు.

సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న వండిన భోజనం పెట్టమంది. 2004 ఏప్రిల్ 20న, కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లో కూడా పెట్టాలంది. 2016లో మళ్ళీ అదే చెప్పింది. అంటే సెలవుల్లో వండిపెట్టడం అసాధ్యం కాదు. కానీ దానికి 'కరువు మండలం' అనే ముద్ర కావాలి. వర్షపాతం, పంట నష్టం చూసి కరువును కొలుస్తారు. పొలం పచ్చగా ఉండి, ఆ పొలంలో కూలి లేని ఇంటి కరువును ఏ కొలతతో కొలుస్తారు? 2020లో కోవిడ్ వచ్చినప్పుడు వేసవి సెలవులకు కూడా భోజనం వర్తింపజేశారు. మన రాష్ట్రంలో బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్ళకు పంపారు. తలచుకుంటే చేయగలరని అప్పుడే తేలింది.

మన ప్రభుత్వం 2024లో ఈ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టింది. ఆమె ఈ కోనసీమ ఇల్లాలే. లంకల గన్నవరంలో వేళ కాని వేళ తలుపు తట్టినవారికి కూడా వండిపెట్టింది. ఆమె పేరు పెట్టుకున్న పొయ్యిని ఏడు వారాలు ఆర్పేయడం ఎంత న్యాయం?

ఆ పొయ్యి ఆరితే నష్టపోయేది పిల్లలొక్కరే కాదు. బడిలో వండే స్త్రీల శ్రమను జీతం అనకుండా 'గౌరవ వేతనం' అంటున్నారు. 2019లో దాన్ని నెలకు 3000 రూపాయలు చేశారు. అదీ ఏడాదిలో 10 నెలలకే లెక్క. మిగతా రెండు నెలలు వాళ్ళ ఇళ్ళలో పొయ్యి ఎలా వెలగాలి?

అంతర్వేది, ఓడలరేవు తీరంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం. ప్రభుత్వమే పని ఆపుతోంది కనుక మత్స్యకారులకు భృతి ఇస్తోంది. 2025లో అది 20,000 రూపాయలు. న్యాయమైన పని. బడి భోజనాన్ని ఆపుతున్నదీ ప్రభుత్వమే కదా! మరి పిల్లల విషయంలో ఆ న్యాయం ఎందుకు వర్తించదు?

సరుకులు ఇంటికి పంపితే సరిపోతుందని కొందరంటారు. ఏమీ లేనిదానికంటే నయమే. కానీ ఆ బియ్యం వండాల్సింది ఎవరు? తల్లి పనికో, పరాయి దేశానికో వెళ్ళిన ఇంట్లో ఆ పని పదకొండేళ్ళ ఆడపిల్ల మీదే పడుతుంది. అందుకే వండిన భోజనమే కావాలి. ఎండలకు జడిసి పాఠాలు ఆపవచ్చు. నీడ ఉన్న వంటగదినీ, రోజూ వండే చేతులనూ ఆపనక్కరలేదు.

మనం అడగవలసినవి మూడు. వేసవి సెలవుల్లో ప్రతి ఊళ్ళో కనీసం ఒక బడిలో, వచ్చిన ప్రతి బిడ్డకూ వండిపెట్టాలి. వండే స్త్రీలకు 12 నెలలూ జీతం ఇవ్వాలి. చట్టంలోంచి ఆ సెలవు మాట తీసేయాలి. మొదటి రెండింటికి కేంద్రం దాకా పోనక్కరలేదు, రాష్ట్రం నిర్ణయిస్తే చాలు. ఏప్రిల్‌లో బడి తలుపు మూశాక కాదు, బడ్జెట్ లెక్కలు వేస్తున్నప్పుడే సంఘాల్లో, గ్రామసభల్లో ఈ మాట ఎత్తుదాం. అది దయ కోసం చేతులు చాచడం కాదు. మన పిల్లల అన్నం గురించి మనం లెక్క అడగడం.