పేమెంట్ యాప్‌లో ‘పెండింగ్’ అంటే సరిపోదు
త్రిపురారంలో ఎరువుల షాపులో స్కాన్ చేసి కట్టారనుకోండి. అకౌంట్‌లో డబ్బు కట్ అయింది, సౌండ్‌బాక్స్ పలకలేదు. మళ్లీ కట్టాలా, ఆగాలా? అందరూ ఫోన్‌నో, నెట్‌వర్క్‌నో తిడతారు. సాఫ్ట్‌వేర్ రాసేవాడిగా నేను మాత్రం యాప్ చూపించే ‘పెండింగ్’నే తప్పుబడతాను.

ఇలాంటి సిస్టమ్స్‌ని బొమ్మగా గీయడానికి పెట్రి నెట్ ఉంది. కార్ల్ ఆడమ్ పెట్రి 1962 నాటి థీసిస్ దీనికి మూలం. సున్నాలు దశలు, గీతలు జరిగే పనులు, చుక్కలు టోకెన్లు. బేసిక్ నెట్‌లో టోకెన్లన్నీ ఒకటే, టైమ్ లెక్క లేదు. మన ‘పెండింగ్’ కూడా అంతే.

అందుకే దాన్ని పెంచారు. కలర్డ్ పెట్రి నెట్‌లో టోకెన్ తనతో మొత్తం, లావాదేవీ నంబర్ మోసుకెళ్తుంది. టైమ్డ్ నెట్‌లో పనికి గడువు ఉంటుంది.

గడువు మన రూల్స్‌లోనూ ఉంది. 2019 ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం, యూపీఐలో కట్ అయిన డబ్బు షాపుకి కన్ఫర్మ్ కాకపోతే, కట్టిన రోజు కాక 5 రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలి. దాటితే రోజుకి ₹100 పరిహారం.

మరి ఆ తేదీ పెండింగ్ స్క్రీన్ మీదే ఎందుకు ఉండకూడదు? కెమెరాకి మార్కులేసే మనం యాప్‌నీ అడగాలి: డబ్బు ఎక్కడ ఆగింది, ఎప్పటికి వస్తుంది?