అమరికల ఫైలులో ‘కాదు’ అని రాస్తే...

మీ తరగతి కోసం పదాల ఆట ప్రోగ్రాము ఒకటి పైథాన్‌లో రాసుకున్నారనుకోండి. శీర్షిక, గడువు, ప్రశ్నల సంఖ్య వంటివి ప్రోగ్రాము లోపలే పెడితే, మార్చవలసిన ప్రతిసారీ మీరే కూర్చోవాలి. అందుకే వాటిని విడిగా ఒక ఫైలులో, వరుసకొకటిగా రాసిపెడతాము: ఎడమన పేరు, నడుమ ‘=’ గుర్తు, కుడివైపున విలువ. పైథాన్ ఎరుగని తోటి ఉపాధ్యాయులు సైతం దానిని తెరచి దిద్దుకోగలరు. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు.

పేచీ అంతా ఆ ఫైలును చదివే చోటనే. “వరుసను ‘=’ దగ్గర స్ప్లిట్ చేస్తే సరి, రెండు వరుసల పని” అనేవారే ఎక్కువ. నేనూ నా విద్యార్థులకు చాలాకాలం అలాగే చెప్పాను. అలా చెప్పి వదిలేయడం తప్పని ఇప్పుడు నా అభిప్రాయం.

ఒక పరీక్షకు ముందు నేను ‘జవాబు_చూపు = కాదు’ అని రాసి పెట్టాను. పిల్లలు కూర్చోగానే ప్రతి ప్రశ్న కిందా జవాబు ప్రత్యక్షమైంది! ఇలా చదివినప్పుడు ఫైలులోని ప్రతి విలువా పైథాన్‌కు ఒట్టి స్ట్రింగు. ఖాళీగా లేని ఏ స్ట్రింగునైనా ‘ఇఫ్’ నిజమనే తీసుకుంటుంది. ‘కాదు’ అన్నా, ‘ఫాల్స్’ అన్నా దానికి అవుననే అర్థం. పరీక్ష రద్దు చేయవలసి వచ్చింది. రాత్రి మేలుకొని చదివివచ్చిన పిల్లలకు ఏమి చెప్పగలను?

చిక్కులు ఇంకా ఉన్నాయి. విలువలోనే మరో ‘=’ ఉంటే వరుస మూడు ముక్కలవుతుంది. మొదటి గుర్తు వద్దనే ఆపాలంటే స్ప్లిట్‌కు 1 అని హద్దు చెప్పాలి, లేదా 2006లో పైథాన్ 2.5తో వచ్చిన ‘పార్టిషన్’ వాడాలి.

మన తెలుగువారికి మాత్రం అసలు పరీక్ష కంటికి కనబడని అక్షరాలతో. మన బడుల్లోని పాత కంప్యూటర్ల సంగతి మీకు తెలియనిది కాదు. 2019కి ముందరి విండోస్‌లో నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8గా భద్రపరిస్తే ఫైలు మొదట ఒక గుప్త చిహ్నం చేరుతుంది. ‘స్ట్రిప్’ దానిని తొలగించదు. అందువల్ల మొదటి అమరిక కళ్ళెదుట కనబడుతున్నా, ప్రోగ్రాము మాత్రం అటువంటి పేరే లేదంటుంది. ఫైలును ‘యూటీఎఫ్-8-సిగ్’ అని చెప్పి తెరిస్తే, చిహ్నం ఉన్నా లేకున్నా ఇబ్బంది ఉండదు. ‘టైమ్’ వంటి పొల్లుతో ముగిసే మాటల చివర కూడా, టైపు చేసే పద్ధతిని బట్టి, అటువంటి అదృశ్యాక్షరం చేరవచ్చు. ఎడమవైపు పేర్లకు ‘గడువు’ వంటి అజంతాలను ఎంచుకోమని నేను చెప్పేది ఇందుకే. (భాష మీది ప్రేమ కూడా కొంత ఉందనుకోండి!)

పైథాన్‌తోనే వచ్చే ‘కాన్ఫిగ్‌పార్సర్’ను వాడితే ఈ బాధల్లో కొన్ని తప్పుతాయి. దాని ‘గెట్‌బూలియన్’ మామూలుగా ఎస్, నో, ఆన్, ఆఫ్ వంటి ఆంగ్లపదాలనే గుర్తిస్తుంది. అయితే ‘బూలియన్_స్టేట్స్’ అనే పట్టికలో ‘అవును’, ‘కాదు’ చేర్చే వీలు ఉన్నది. దీని పట్టింపులు దీనికీ ఉన్నాయి. వరుసలకు పైన చదరపు కుండలీకరణాల్లో ఒక విభాగం పేరు కోరుతుంది. విలువలో ‘40%’ అని ఉంటే తప్పంటుంది. ‘ఇంటర్‌పొలేషన్’ వద్దని ముందే చెప్పాలి.

“పిల్లలు స్వయంగా రాస్తేనే కదా నేర్చుకునేది” అని మీరు అడగవచ్చు. నిజమే, ఒకసారి రాయించండి. రాసిన మరునాడే ఖాళీ వరుస, రెండు ‘=’ గుర్తులు, ‘కాదు’ ఉన్న ఫైలునొకదానిని వారి చేతికివ్వండి. మా పిల్లలు ఇప్పుడు ఒకరి ప్రోగ్రామును మరొకరు పడగొట్టడానికే ఇటువంటి ఫైళ్ళు తయారు చేస్తున్నారు. మొన్న ఒకమ్మాయి నా ఫైలులో ‘కాదు’ తీసి ‘వద్దు’ అని పెట్టింది. ఆ మాట పట్టికలో లేదు గనుక ప్రోగ్రాము మొదలుకాకుండానే తప్పు చూపి ఆగిపోయింది. జవాబులు మాత్రం బయటపడలేదు.