క్షమ పొందిన నగరం

బైబిలులో యోనా, ఖురానులో యూనుస్, ప్రవక్త ఒక్కడే. కర్తవ్యాన్ని విడిచి వెళ్ళి, మహామత్స్యం కడుపులో చిక్కి, ప్రార్థించి విముక్తుడైనాడు. అటుపిమ్మట ఆయన బోధ విని నీనెవె ప్రజలు మనసు మార్చుకున్నారు, శిక్ష తప్పింది.

ఈ కథను యూదులు యోమ్ కిప్పూర్ ఉపవాసదినాన అపరాహ్ణవేళ పఠిస్తారు. యేసు దీనిని ఉదాహరించినట్లు సువార్తలు చెబుతున్నాయి. ఖురాను పదవ అధ్యాయానికి యూనుస్ పేరే ఉన్నది. విశ్వసించి శిక్ష తప్పించుకున్న జనంగా అది ఆయన ప్రజలనే పేర్కొంటుంది.

ఇరాక్‌లోని మోసుల్ వద్ద, పురాతన నీనెవె దిబ్బపై, ఆయన సమాధిస్థానంగా ప్రసిద్ధమైన మసీదును 2014 జూలైలో ఇస్లామిక్ స్టేట్ సాయుధులు పేల్చివేశారు. మారిన నగరానికి క్షమ లభించిందని మూడు మతాలూ చెప్పుకొనే చోటనే ఈ విధ్వంసం జరిగింది. సిరియాక్ క్రైస్తవులు మాత్రం ఆ నగరపు పశ్చాత్తాపాన్ని స్మరిస్తూ నేటికీ ఏటా మూడు దినాలు ఉపవసిస్తున్నారు.