పాత బ్రష్ కట్టర్‌ను తూకానికి అమ్మకండి, పిల్లల చేతికివ్వండి



ఈసారి వీడియో చూసి మీలో కొందరు ఆశ్చర్యపోయి ఉంటారు. జీవామృతం, కషాయాలు చూపించే చోట ఈ బొమ్మ విమానం ఏంది అని. వీడియోలో ఎగిరిన ఆ విమానం ముక్కు దగ్గర ఉన్నది మా పొలంలో ఆరేళ్లు గడ్డి కోసిన బ్రష్ కట్టర్ ఇంజనే. ఎట్ల చేశామో కొంత వీడియోలో చూపించాను. ఎందుకు చేశామో, ఎక్కడ దెబ్బ తిన్నామో, ఇది మనలాంటి రైతులకు ఎందుకు పట్టాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా ఇస్నాపూర్ సంగతి చెప్పాలి. ఇటు పటాన్‌చెరు, అటు పాశమైలారం. చుట్టూ కంపెనీలే. షిఫ్టుకు పోతే నెలకింత అని జీతం వచ్చే చోట, ఎండలో కూర్చుని కలుపు తీయడానికి ఎవరొస్తారు? రారు, రాకపోవడంలో వాళ్ల తప్పు కూడా లేదు. అందుకే మా వైపు రైతులు చాలామంది బ్రష్ కట్టర్లు కొన్నారు. గడ్డి మందు కొట్టడం కంటే వెయ్యి రెట్లు నయం కదా అని నేనూ కొన్నాను. 43 సీసీ, టూ స్ట్రోక్. వయ్యారిభామ పూతకు రాకముందే కోసి, కోసింది కోసినట్టే చెట్ల మొదళ్లలో పరిచేవాణ్ణి.

మూడేళ్లకు ఆచ్ఛాదన మందం అయింది. మధ్యలో అలసంద, ఉలవ చల్లాను. నేల కనబడకపోతే కలుపు మొలవడం దానంతట అదే తగ్గింది. మీలో చాలామందికి ఇది అనుభవమే. అట్లా కట్టర్‌కు పని తగ్గి కొట్టంలో మూలకు పడింది. పడిన మిషన్ ఊరికే ఉంటుందా? ట్యాంకులో మిగిలిన పెట్రోలు కార్బొరేటర్‌లో జిగురు కట్టింది, లోపలి రబ్బరు పొర బిగుసుకుపోయింది. ఇప్పుడు వచ్చే ఇథనాల్ కలిపిన పెట్రోలు తేమను కూడా పీల్చుకుంటుంది కాబట్టి ఈ బాధ ఇంకా తొందరగా వస్తుంది. (మీ మిషన్ నెల రోజులు వాడరని తెలిస్తే ట్యాంకు ఒంపేసి, ఉన్న పెట్రోలు అయిపోయేదాకా ఇంజన్ నడిపి ఆపండి. ఈ ఒక్క మాట గుర్తుంచుకున్నా నా రాత దండగ కాదు.)

పాత సామాన్లు కొనేటాయన మూడు వందలు ఇస్తానన్నాడు. అదే సమయానికి మా మేనల్లుడు ఇంట్లో ఉన్నాడు. మెకానికల్ డిప్లొమా చదువుతున్నాడు. "మామా, గిది అమ్మకు, నాకియ్యి" అన్నాడు. ఏం చేస్తవురా అంటే విమానం చేస్త అన్నాడు. నవ్వాను. ఇచ్చాను మాత్రం.

గడ్డి కోసే ఇంజన్ ఎగరడానికి ఎట్లా పనికొస్తుంది?

ఇది మా వాడు కనిపెట్టిన విద్య కాదు. గడ్డి కోసే మిషన్ల ఇంజన్లను, చెయిన్ సా ఇంజన్లను పెద్ద సైజు బొమ్మ విమానాలకు కట్టడం విదేశాల్లో దశాబ్దాలుగా ఉంది. విమానాల కోసమే తయారైన చిన్న పెట్రోలు ఇంజన్ కొనాలంటే వేలకు వేలు. గడ్డి మిషన్ ఇంజన్ ఊరూరా దొరుకుతుంది.

అసలు కిటుకు కార్బొరేటర్‌లో ఉంది. మన మోటార్ సైకిల్ కార్బొరేటర్‌లో పెట్రోలు మీద తేలే ఫ్లోట్ ఉంటుంది. బండి పక్కకు పడితే పెట్రోలు కారిపోతుంది. బ్రష్ కట్టర్‌ను మనం గెట్టు మీద ఒక తీరు, కాలువలో ఒక తీరు వంచి కోస్తాం. ఎట్లా వంచినా అది ఆగకూడదు. అందుకని దానికి ఫ్లోట్ లేని, రబ్బరు పొరతో పనిచేసే కార్బొరేటర్ పెట్టారు. పిస్టన్ కింద క్రాంక్ కేసులో పుట్టే ఒత్తిడికి ఆ పొర కొట్టుకుంటూ తానే పెట్రోలు లాక్కుంటుంది. తలకిందులు చేసినా నడుస్తుంది. విమానానికి కావలసింది సరిగ్గా అదే. ఇంకోటి, దీనికి బ్యాటరీ అక్కర్లేదు. ఫ్లైవీల్‌లో ఉన్న అయస్కాంతం కాయిల్ పక్కనుంచి తిరిగితే ప్లగ్‌లో నిప్పు పుడుతుంది.

మేం చేసింది ఇది. ట్యాంకు, తాడు స్టార్టర్, క్లచ్, ప్లాస్టిక్ తొడుగులు అన్నీ తీసేశాం. సిలిండర్, క్రాంక్ కేసు, కార్బొరేటర్, ఫ్లైవీల్, కాయిల్ మిగిలాయి. ఎండిపోయిన రబ్బరు పొరలు మార్చాం. తర్వాత లేత్ పని. ఫ్లైవీల్‌కు గాలి కొట్టడానికి ఉండే రెక్కలను సమంగా కోయించి, దాని ముందు పంకా బిగించడానికి ఒక హబ్ చేయించాం. రెక్కలు తీస్తే ఇంజన్ కాలిపోదా అని అడుగుతారు. ముందు తిరిగే పంకా గాలే సిలిండర్‌కు తగులుతుంది. ఆ గాలి నేరుగా తగిలేటట్టు ముందు భాగం తెరిచి ఉంచాలి. కాయిల్‌ను తిరిగి బిగించేటప్పుడు దానికీ ఫ్లైవీల్‌కూ మధ్య విజిటింగ్ కార్డు మందం సందు వదలాలి.

పెట్రోలులో ఆయిల్ సంగతి మీకు తెలిసిందే. మిషన్ పుస్తకంలో 25కు 1 అని ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్, 40కి 1 అని ఉంటే 25 మిల్లీలీటర్లు. విమానం కదా అని తగ్గించొద్దు. ఆయిల్ తక్కువైతే గడ్డిలోనైనా గాలిలోనైనా పిస్టన్ పట్టేస్తుంది.

లేత్ షాపులో ఆయన ఆరు వందలు తీసుకున్నాడు. కానీ మా వాణ్ణి రెండు సాయంత్రాలు పక్కన నిలబెట్టుకుని, వర్నియర్ పట్టడం, సెంటర్ చూడడం నేర్పించాడు. దానికి వెల కట్టలేం.

దెబ్బ తిన్న సంగతి

ఇప్పుడు ముఖ్యమైన మాట. వీడియోలో ఇది లేదు, ఉండాల్సింది.

మొదటిసారి ఇంజన్‌ను చెక్క బల్లకు బిగించి స్టార్ట్ చేద్దామనుకున్నాం. కట్టర్ తాడు గుంజి అలవాటైన చేయి నాది. చేత్తో పంకా తిప్పాను. ఇంజన్ వెనక్కి తన్నింది. కుడి చేతి రెండు వేళ్లకు ఏడు కుట్లు పడ్డాయి. అది ఇంకా పూర్తిగా అందుకోకముందే. నడుస్తున్న పంకాకు చేయి తగిలి ఉంటే వేళ్లు ఉండేవి కావు.

లెక్క చూడండి. 18 అంగుళాల పంకా నిమిషానికి 7,000 చుట్లు తిరిగితే దాని కొన గంటకు దాదాపు 600 కిలోమీటర్ల వేగంతో పోతుంది. మన హైవే మీద బస్సు వేగానికి ఎనిమిది రెట్లు. బ్రష్ కట్టర్‌కు బ్లేడు మీద గార్డు ఉంటుంది, మనకూ బ్లేడుకూ మధ్య పొడుగు గొట్టం ఉంటుంది. దీనికి రెండూ లేవు.

అప్పటినుంచి మా కట్టుబాట్లు ఇవి. పంకాను చేత్తో తిప్పేది లేదు, విడిగా స్టార్టర్ పెట్టే తిప్పాలి. నడుస్తున్నప్పుడు ఎవరూ ముందుగానీ, పంకాకు సూటిగా పక్కనగానీ నిలబడొద్దు. కాయిల్ కరెంటును భూమికి కలిపి ఇంజన్ ఆపే స్విచ్ ఒకటి మిషన్ మీద, ఇంకోటి రిమోట్‌లో ఉండాలి. ఫ్లైవీల్ మీద చిన్న పగులు కనిపించినా పారేయాలి. పదిహేనేళ్ల లోపు పిల్లలు చూడొచ్చు, ముట్టుకోవద్దు. విమానం నడపడం నేర్చుకునేది దీని మీద కాదు. ముందు థర్మోకోల్‌తో చేసిన చిన్న కరెంటు విమానం మీద నేర్చుకోవాలి.

ఎక్కడ పడితే అక్కడ ఎగరేయొద్దు కూడా. రెండు మీటర్ల రెక్క, ఈ ఇంజన్ కలిపితే బరువు రెండు కిలోలు దాటుతుంది. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 2 నుంచి 25 కిలోల దాకా 'స్మాల్' తరగతి. అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో కూడా 400 అడుగులు దాటొద్దు. కంటికి కనబడేంత దూరంలోనే ఉంచాలి. మా వైపు దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ ఉంది, భానూరులో, ఎద్దుమైలారంలో రక్షణ కర్మాగారాలు ఉన్నాయి. కాబట్టి డిజిటల్ స్కై మ్యాప్ చూడకుండా బయలుదేరొద్దు. అన్నిటికంటే ముఖ్యం, రసాయనాల ట్యాంకులున్న కంపెనీల దిక్కు పెట్రోలు నింపిన విమానాన్ని పోనివ్వడమంటే ఊరి ప్రాణాలతో ఆడుకున్నట్టే. మేం కోతలయ్యాక, ఊరికి దూరంగా, హైటెన్షన్ తీగలు లేని బీడులోనే ఎగరేస్తాం. ఎండు కొయ్యకాలు ఉన్న చోట పక్కన నీళ్ల డ్రమ్ము పెట్టుకుంటాం.

"ప్రకృతి వ్యవసాయానికీ దీనికీ ఏం సంబంధం?"

మన పాత రైతు ఒకాయన ఈ మాట మొహం మీదే అడిగాడు. "పెట్రోలు కాల్చి ఆడుకునే ఆటను నువ్వు మెచ్చుకుంటే రేపు యూరియాను కూడా మెచ్చుకుంటావా?" అని. ఆయన ప్రశ్నలో న్యాయం ఉంది. టూ స్ట్రోక్ ఇంజన్ శుభ్రమైనది కాదు. కొంత పెట్రోలు కాలకుండానే సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. ఆ మోతకు పక్షులు బెదురుతాయి. పురుగులను తినడానికి పక్షులు రావాలని చేనులో కొమ్మలు పాతి స్థావరాలు పెట్టేది మనమే. అందుకే పంట మీద, గూళ్లు కట్టే రోజుల్లో మేం ఎగరేయం. ఎగరేసేది కూడా నెలకు ఒకటి రెండుసార్లే.

ఇంకో మాట కూడా ఒప్పుకుంటాను. మీ ఇంజన్ బాగుండి, పక్క రైతుకు మొక్కల గుంతలు తీసే మిషన్‌కో, చిన్న నీళ్ల పంపుకో కావాలంటే ముందు వాళ్లకే ఇవ్వండి. పొలం పని ముందు, ఆట తర్వాత.

అయినా నేను ఈ పనిని సమర్థిస్తాను. ఎందుకంటే మనం ఈ దారిలోకి వచ్చింది ఒక్క రసాయనాలు మానడానికే కాదు. విత్తనం మన చేతిలో ఉండాలని, ఎరువు మన కొట్టంలో తయారుకావాలని వచ్చాం. షాపు మీద ఆధారపడడం వద్దనుకున్నాం. మరి మిషన్ల విషయంలో ఏం చేస్తున్నాం? ప్లగ్ మసి పట్టినా పటాన్‌చెరు దాకా మోసుకుపోతున్నాం. రెండేళ్లకు తూకానికి అమ్మి కొత్తది కొంటున్నాం. ఎరువు డీలర్‌ను వదిలించుకుని మిషన్ డీలర్‌కు చిక్కాం.

ఇప్పుడు డ్రోన్లు వస్తున్నాయి. 2023 నవంబర్‌లో కేంద్రం నమో డ్రోన్ దీదీ పథకానికి ఆమోదం తెలిపింది. 15,000 మహిళా సంఘాలు, 1,261 కోట్లు. డ్రోన్ ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల దాకా సాయం. ఆడవాళ్ల చేతికి అంత మంచి మిషన్ రావడం నాకు సంతోషమే. కానీ అది పాడైతే మన ఊళ్లో విప్పగలిగేది ఎవరు? మనం వడకట్టిన జీవామృతం దాని సన్నని నాజిల్లో పట్టేస్తే సరిచేసేది ఎవరు? దానికి జవాబు ఊళ్లోనే తయారుకావాలి.

మా విమానంతో జీవామృతం పిచికారీ చేస్తారా అని చాలామంది అడిగారు. చేయం. ఇది గాలిలో ఒకచోట నిలబడేది కాదు, అంత బరువు మోసేదీ కాదు. పిచికారీకి స్ప్రేయరే ఉండాలి. ఈ విమానం వల్ల వచ్చే పంట వేరే.

మా మేనల్లుడి విషయమే చూడండి. మా ఇంటికి కొద్ది దూరంలో కందిలో ఐఐటీ ఉంది. మనుషులు లేకుండా నడిచే వాహనాల మీద పరిశోధనకు అక్కడ టైహాన్ కేంద్రాన్ని 2022లో ప్రారంభించారు. మా ఊరి పిల్లలకు ఆ గోడ తెలుసు, లోపల ఏముందో తెలియదు. చదువు అయ్యాక వాళ్లు పోయేది కంపెనీలో కాంట్రాక్టు షిఫ్టుకే. మా వాడు కూడా అటే పోయేవాడేమో. మొన్న పక్క ఊరి రైతు బ్రష్ కట్టర్ స్టార్ట్ కావడం లేదని తెస్తే, పది నిమిషాల్లో కార్బొరేటర్ విప్పి, బిగుసుకున్న పొర మార్చి, నడిపించి ఇచ్చాడు. ఆయన వంద రూపాయలిస్తే తీసుకున్నాడు. ఇప్పటికి పదకొండు మిషన్లు బాగుచేశాడు. విమానం మీద మోజుతో నేర్చిన విద్య పొలానికే తిరిగి వచ్చింది.

1903లో రైట్ సోదరుల విమానానికి ఇంజన్ చేసింది పెద్ద కంపెనీ కాదు. వాళ్ల సైకిల్ షాపులో పనిచేసే చార్లీ టేలర్ అనే మెకానిక్ ఆరు వారాల్లో తయారుచేశాడు. సైకిల్ షాపుకు సాధ్యమైనది మన లేత్ షాపుకు, మన కొట్టానికి కాకుండా పోదు.

కాబట్టి నా మాట ఇదీ. మీ కొట్టంలో మూలకు పడిన కట్టర్ ఉంటే తూకానికి వెయ్యకండి. ఇంట్లోనో వాడలోనో స్పానర్ పట్టాలని చేతులు దురదపెట్టే పిల్లవాడో పిల్లో ఉంటే పిలిచి ఇవ్వండి. ఇచ్చి వెళ్లిపోకండి, పక్కన కూర్చోండి. విమానం చేస్తారో, పంపు చేస్తారో, విప్పి మళ్లీ బిగించడమే నేర్చుకుంటారో వాళ్లిష్టం. చేత్తో పంకా మాత్రం తిప్పనివ్వకండి. నా వేళ్ల మీద మచ్చలు చూపించి చెబుతున్నాను.

వచ్చే వీడియోలో కార్బొరేటర్ పొరలు ఇంట్లోనే ఎట్లా మార్చుకోవాలో మా వాడే చూపిస్తాడు. మీ పాత మిషన్ దుమ్ము దులిపి పెట్టుకోండి.

ఉంటాను.