తొలిమాట కూడా అరువేనా?

ఆట ఆడడానికి కూడా గైడు కావాలిట! వర్డిల్ అనే మాటల ఆటలో మొట్టమొదట ఏ మాట వెయ్యాలో కంప్యూటరు లెక్క కట్టి తేల్చేసిందిట. ఇంక మనం బుర్ర బద్దలు కొట్టుకోవడం శుద్ధ దండగట. ఈ 'ట'ల వరస వింటూంటే ఒళ్లు మండుకొస్తుంది. ఎందుకంటారా? చెప్తాను, వినండి.

ముందు ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు. రోజూ అయిదక్షరాల ఇంగ్లీషు మాట ఒకటి దాచిపెడతారు. ఆరు ప్రయత్నాల్లో దాన్ని కనిపెట్టాలి. మనం వేసిన మాటలో సరైన గడిలో పడ్డ అక్షరం ఆకుపచ్చగా మారుతుంది. మాటలో వుండి, గడి మాత్రం తప్పినది పసుపుపచ్చగా కనిపిస్తుంది. అసలు లేనిది బూడిదరంగు. లోకమంతటికీ రోజుకి ఒకటే మాట. అమెరికాలో కూతురూ, ఇక్కడ తల్లీ ఆ ఒక్క మాటతోనే కుస్తీ పట్టి, రంగుల గళ్లు ఒకరికొకరు ఫోన్లో పంపుకుంటారు.

మొదటి మాట వేసేటప్పటికి మన చేతిలో ఆధారమంటూ ఏమీ వుండదు. చీకట్లో విసిరే రాయే. కాని ఎటు విసరాలో తెలిస్తే చీకట్లో కూడా రాయి కుండకే తగులుతుంది. అందుకనే ఈ తొలిమాట మీద ఇంత రభస.

ఇందులో మొదటి జట్టు అచ్చుల భక్తులు. వీరి మంత్రం 'అడ్యూ'. ఏ, డీ, ఐ, ఈ, యూ. నాలుగు అచ్చులు ఒక్క దెబ్బతో తేలిపోతాయి కదా అంటారు. ఆ మాటకి అర్థం 'సెలవు' అని. ఆట మొదలుపెడుతూనే సెలవు పుచ్చుకోవడమేమిటో!

అచ్చులు తెలిస్తే మాట తెలిసినట్టేనా? టైపూ షార్ట్‌హ్యాండూ నేర్చుకున్నవారిని అడగండి. పిట్‌మన్ షార్ట్‌హ్యాండులో గీతలన్నీ హల్లులవే. అచ్చులు పక్కన పెట్టే చుక్కలూ, చిన్న గీటులూ. వేగం అందుకున్నాక చాలా చోట్ల వాటిని వదిలేస్తారు కూడా. అయినా ఆఫీసరుగారి ఉత్తరం అక్షరం పొల్లుపోకుండా టైపవుతుంది. మాటకి ఎముకలు హల్లులే మరి.

ఇంకా నమ్మకం కుదరకపోతే ఇది చూడండి. లైట్, నైట్, రైట్, సైట్, ఫైట్, మైట్, టైట్. ఏడు మాటలు. అన్నిటికీ చివరి నాలుగక్షరాలూ ఒకటే, అచ్చూ ఒకటే. ఆ నాలుగు గళ్లూ ఆకుపచ్చగా మెరుస్తూంటే సంబరపడతాం. తీరా చూస్తే మొదటి హల్లు దొరక్క ఆరు ప్రయత్నాలూ హారతి కర్పూరంలా హరించుకుపోతాయి. మన కొంప ముంచేది హల్లే, ఒడ్డెక్కించేదీ హల్లే.

పోనీ అన్ని అచ్చులూ సమానమా అంటే అదీ కాదు. మొదట్లో ఈ ఆటకి జవాబులుగా పెట్టుకున్న 2,315 మాటల్ని లెక్కపెడితే 'ఈ' అనే అక్షరం 1,200 సార్లకి పైగా వస్తుంది. 'యూ' వచ్చేది 460 పైచిలుకు. 'ఆర్' అనే హల్లు 900కి దగ్గర. 'టీ', 'ఎల్' కూడా 700 దాటాయి. దొడ్లో పుష్కలంగా కాసే బీరకాయని కాదని, ఏడాదికోసారి కనిపించే పనసకాయ కోసం సంచీ పట్టుకు తిరగడం ఏం తెలివి? అచ్చుల భక్తులకి నా మనవి ఇంతే: రెండు అచ్చులు చాలు, మిగతా మూడు గళ్లూ హల్లులకివ్వండి.

వీళ్లతో తగువు ఇంతటితో సరి. అసలు తగువు రెండో జట్టుతో. వీళ్లు యంత్రభక్తులు.

2022లో గణితం తెలిసినవారూ, కంప్యూటరు తెలిసినవారూ ఈ ఆట మీద పడ్డారు. ఒక్కో తొలిమాటకీ 2,315 జవాబులూ సరిపెట్టి చూసి, సగటున ఎన్ని ప్రయత్నాలు పడతాయో లెక్క కట్టారు. 'సాలెట్' అనే మాట మొదటికొచ్చింది. సగటు 3.421. చాలా కష్టమైన పనే, కాదనను. వాళ్ల విద్యకి నమస్కారం. నా కోపం వాళ్లమీద కాదు. ఆ మాట పట్టుకుని ఇంటింటికీ తిరిగి, "ఇంకా మీ సొంతమాటేమిటి, పాతచింతకాయ పచ్చడి" అని వెక్కిరించే సర్వజ్ఞులమీద.

బాబూ, ఆ సాలెట్ అంటే ఏమిటో తెలుసా? యూరపులో పదిహేనో శతాబ్దపు సైనికులు నెత్తిన పెట్టుకున్న ఇనపటోపీ. అంత పాతమాట గనక అసలు జవాబుల జాబితాలోనే లేదు. అంటే ఆ జాబితా ప్రకారం రోజూ సాలెట్ వేసేవారికి మొదటి ప్రయత్నంలోనే అయిదు గళ్లూ పచ్చబడే యోగం జన్మలో లేదన్నమాట! లాటరీ టిక్కెట్టు కొంటూనే నంబరు చింపేసుకోవడం ఇది.

సరే, లాభమెంతో చూద్దాం. అదే లెక్కలో 'క్రేన్' అనే మాటకి సగటు 3.4255 వచ్చింది. రెంటికీ తేడా వెయ్యి రోజులాడితే నాలుగు ప్రయత్నాలు! వెయ్యి రోజులంటే రెండేళ్ల తొమ్మిది నెలలు. ఈ నాలుగు ప్రయత్నాల కోసమా ఇంత హడావిడి? కూరల బజారులో కొసరుగా పడేసే కరివేపాకు రెబ్బ ఇంతకన్నా విలువైనది.

పైగా ఆ 3.421 ఎవరి సగటు? యంత్రానిది. దానికి 2,315 మాటలూ కంఠోపాఠం. రెండోమాట, మూడోమాట కూడా తప్పులేకుండా వేస్తుంది. మనం మొదటిమాట దానిది అరువు తెచ్చుకున్నా, రెండోమాట మన బుర్రలోంచే రావాలి. పట్టుచీర అరువు తెచ్చుకోవచ్చు, నడక అరువు తేగలమా?

యంత్రాలయినా ఒక్కమాట మీద నిలబడ్డాయా అంటే అదీ లేదు. న్యూయార్క్ టైమ్స్ పత్రికవారు 2022లో ఆటకి సలహాలు చెప్పే యంత్రం ఒకటి పెట్టారు. మొదట అది 'క్రేన్' అంది. కొన్నాళ్లకే 'స్లేట్' అంది. స్లేట్ అంటే మన పలక. ఆ మాట దగ్గరే ఒక విషయం జ్ఞాపకం చెయ్యాలి.

ఈ ఆట కట్టినాయన జోష్ వార్డిల్ అనే ఇంజనీరు. కట్టింది తన భాగస్వామి పలక్ షా కోసం, ఆమెకి మాటల ఆటలంటే ఇష్టమని. 2021 అక్టోబరులో అందరికీ అందుబాటులోకొచ్చింది. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనుక్కుంది. ఇంగ్లీషులో అయిదక్షరాల మాటలు పన్నెండువేల దాకా వుంటే, వాటినన్నిటినీ చూసి "ఇది తెలిసినది, ఇది తెలియనిది" అని చేట పట్టుకుని చెరిగినట్టు చెరిగింది ఆ పలక్ షాయే. ఆ చెరిగిన గింజల మీదే ఇన్ని లెక్కలూ, ఇన్ని యంత్రాలూ. అంటే ఒక స్త్రీ తనకి తెలిసిన మాటలతో ఏర్చి కూర్చిన ఆటలో, మీకు తెలిసిన మాట పనికిరాదని మీకు చెప్పడమన్నమాట! వంట చేసిన మనిషికే ఉప్పు రుచి పాఠం చెప్పినట్టుంది.

"లెక్కలకి కాల్క్యులేటరు వాడడం లేదా? దీనికెందుకు పంతం?" అంటారు. చాకలి పద్దు కూడడం చాకిరీ. అది యంత్రానికి అప్పగిస్తే పీడా పోయింది. ఆట చాకిరీ కాదు. ఇందులో ఆలోచించడమే ఫలం. గడప ముందు ముగ్గు స్టిక్కరు అంటిస్తే ముగ్గున్నట్టే కనిపిస్తుంది. కాని వేళ్లు మరిచిపోతాయి. పద్ధెనిమిది చుక్కలు పెట్టి మెలికలు తిప్పిన చెయ్యి, నాలుగేళ్లు స్టిక్కర్లంటిస్తే నాలుగు చుక్కలకే తడబడుతుంది. బుర్రకీ అంతే.

మరి మంచి తొలిమాట ఎలా ఎంచుకోవాలి? బ్రహ్మవిద్యేం కాదు. తొలిమాట జవాబు కాదు, ప్రశ్న. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూడడంలాంటిది. అయిదూ వేరువేరు అక్షరాలుండాలి. ఒకే అక్షరం రెండుసార్లు వేస్తే ఒకే మెతుకుని రెండుసార్లు నొక్కినట్టు. ఎక్కువగా వచ్చేవి ఈ, ఏ, ఆర్, ఓ, టీ, ఎల్, ఐ, ఎస్, ఎన్. వీటిలోంచే ఏరుకోండి. ఆ 2,315 మాటల్లో 'ఎస్'తో మొదలయ్యేవి 366. 'ఎస్'తో ముగిసేవి 36 మాత్రమే. బహువచనాలని దాదాపుగా వదిలేశారు మరి. కాబట్టి 'ఎస్' వేస్తే మొదట వెయ్యండి, చివర వద్దు. 'ఈ' చివర వున్నవి 424. అది తోకకి బాగా కుదురుతుంది. ఇంతే సూత్రం. దీన్నిబట్టి స్టోన్ వేస్తారో, లెర్న్ వేస్తారో, అలర్ట్ వేస్తారో మీ యిష్టం. రోజుకో మాట మారుస్తారో, ఒకే మాటని పసుపుతాడులా అట్టేపెట్టుకుంటారో, అదీ మీ యిష్టమే.

ఇంత చిన్న విషయానికి ఇంత గొడవా అనకండి. ఆడదానికి పొద్దున్న లేచింది మొదలు ఎవరో ఒకరు చెప్పినట్టే జరుగుతుంది. కూర పిల్లలకి నచ్చినది, టీవీలో చానల్ ఆయనకి నచ్చినది, పెళ్లికి పెట్టుబడి చీర రంగు వియ్యపురాలికి నచ్చినది. కాఫీ చల్లారేలోగా దొరికే ఆ పదినిమిషాల్లో ఆరు వరసలు, అయిదు గళ్లు మనవి. అందులో మొదటి వరసని కూడా ఇంకొకరి చేత నింపించుకుంటామా?

నాలుగోసారికి గెలిచినా, ఆరోసారికి గెలిచినా, ఒక్కోరోజు ఓడిపోయినా ఫరవాలేదు. యంత్రం గెలిచినందుకు దానికి సంతోషమూ లేదు, ఓడితే ఉక్రోషమూ లేదు. ఆ రెండూ మనకున్న భాగ్యాలు. తొలిమాట మీరే వెయ్యండి. ఎవరైనా "తప్పు మాట వేశావే" అంటే, "వెయ్యి రోజుల తర్వాత నాలుగు ప్రయత్నాలు బాకీ వుంటాను, అప్పుడు వచ్చి వసూలు చేసుకోండి" అని చెప్పండి.