బిచ్చగాడి బడులు, సర్కారు అనుమానాలు

2010 సెప్టెంబరు చివర్లో బిల్ గేట్స్, వారెన్ బఫెట్ బీజింగ్ వెళ్ళి అక్కడి కుబేరులను విందుకు పిలిచారు. భోజనానికి కూర్చుంటే దానధర్మాలకు ఆస్తి రాసిమ్మంటారేమోనని కొందరు వెనకాడుతున్నారని పత్రికలు రాశాయి. అలాంటి ఒత్తిడేమీ చేయబోమని గేట్స్, బఫెట్ ముందే చెప్పుకోవాల్సి వచ్చింది. దాంతో పాత మాటొకటి మళ్ళీ షికారు చేసింది. చైనావాళ్ళకు ఇల్లే లోకమట, ముక్కూ మొహం తెలియనివాడికి పైసా రాల్చరట.

ఇందులో నిజం కొంతే. సుంగ్ వంశం కాలంలో మంత్రిగా పనిచేసిన ఫాన్ జోంగ్యాన్ 11వ శతాబ్దం మధ్యలో సుజౌ దగ్గర వెయ్యి ‘మూ’ల (మూ చైనా భూకొలత) దాకా పొలం కొని ధర్మానికి రాసిచ్చాడు. ఆ పొలం ఆదాయంతో బియ్యం, బట్టలు, పెళ్ళి ఖర్చు, చావు ఖర్చు ఇచ్చేవారు. అయితే ఇచ్చేది ఫాన్ వంశీకులకే. రాజవంశాలు మారినా ఆ ఏర్పాటు తొమ్మిది వందల ఏళ్ళకు దగ్గరగా నిలిచింది. ఇల్లే లోకం అనేవాళ్ళకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

కానీ అదే దేశంలో 1590లో, హెనాన్ ప్రాంతంలోని యూచెంగ్ అనే ఊళ్ళో, యాంగ్ దోంగ్‌మింగ్ అనే పండితుడు ఇరుగుపొరుగును కూడగట్టి ధర్మసంఘం పెట్టాడు. చందాలు వసూలు చేసి, బంధుత్వంతో పనిలేకుండా ఊరి పేదలకు పంచడం దాని పని. ఆ తర్వాత ఇలాంటి సంఘాలు చాలా పట్టణాల్లో పుట్టుకొచ్చాయి. అనాథ పిల్లల్ని సాకడం, దిక్కులేని శవాలకు పెట్టెలు సమకూర్చడం వాటి పనుల్లో ఉండేవి. ఆ రోజుల్లోనే చదువుకున్నవాళ్ళ ఇళ్ళల్లో పాపపుణ్యాల ఖాతా పుస్తకాలు కూడా బాగా వాడుకలోకి వచ్చాయి. ఫలానా మంచిపనికి ఇన్ని మార్కులు, ఫలానా తప్పుకు ఇన్ని కోతలు. చిత్రగుప్తుడి పని ఎవరికి వారే చేసుకునేవారన్నమాట.

కాబట్టి చైనాలో దాతలకు కరువెప్పుడూ లేదు. తేలనిది వేరే సంగతి: దానం చేసినందుకు వచ్చే మంచి పేరు ఎవరికి దక్కాలి?

ప్రాచీన చైనా తాత్వికుడు హాన్ ఫెయి గ్రంథంలో దీనిమీదే ఒక కథ ఉంది. లూ రాజ్యంలో కాలువ తవ్వుతున్న కూలీలకు కన్ఫ్యూషియస్ శిష్యుడు జీలూ తన సొంత ధాన్యంతో అన్నం పెట్టిస్తాడు. గురువు మెచ్చుకోడు సరికదా, మరో శిష్యుణ్ణి పంపి ఆ అన్నం పారబోయించి, కుండలు పగలగొట్టిస్తాడు. జీలూ మండిపడుతూ వచ్చి అడిగితే గురువు చెప్పిన జవాబు సారాంశం ఇది: వీళ్ళు రాజుగారి ప్రజలు, నీ సొంత తిండి పెట్టి వాళ్ళ అభిమానాన్ని రాజు దగ్గర్నుంచి నువ్వు లాక్కుంటున్నావు. ఇది కన్ఫ్యూషియస్ నిజంగా అన్న మాటో, రాజ్యమే సర్వస్వమనే హాన్ ఫెయి ఆయన నోట పెట్టిన మాటో! ఎవరిదైనా, తర్వాతి పాలకులు దాన్ని మరిచిపోయినట్టు కనిపించదు.

రాజ్యం చేతులెత్తేసినప్పుడు మాత్రం దాతలు ముద్దొచ్చేవారు. 1876 నుంచి 1879 దాకా ఉత్తర చైనాను కరువు ఊడ్చేసింది. షాన్సీ, హెనాన్, షాన్‌డాంగ్ ప్రాంతాల్లో చనిపోయినవాళ్ళు దాదాపు కోటిమందని అంచనా. (అవే ఏళ్ళలో రాయలసీమ జనాన్ని ధాత నామ సంవత్సరపు కరువు మింగింది. రెండుచోట్లా వానలు ముఖం చాటేయడానికి పసిఫిక్ మహాసముద్రంలో వచ్చిన మార్పే ముఖ్య కారణమని వాతావరణ శాస్త్రజ్ఞుల మాట.) సుజౌ, షాంఘై వర్తకులు, పండితులు వందల మైళ్ళ దూరంలోని అపరిచితుల కోసం చందాలు పోగుచేశారు. ఇనుము చేత కూడా కన్నీళ్ళు పెట్టించే బొమ్మలంటూ కరువు దృశ్యాలు అచ్చువేసి పంచారు. అనాథ పిల్లలు క్రైస్తవ మిషనరీల చేతుల్లో పడతారన్న భయం కూడా వాళ్ళను ఉరికించిన మాట నిజమే.

ఈ కథలన్నిటిలోకీ విడ్డూరమైనది వూ షున్ కథ. షాన్‌డాంగ్‌లో 1838లో పుట్టిన ఈ నిరుపేదకు అక్షరం రాదు. చదువు రాదని కనిపెట్టి యజమాని కూలి డబ్బు ఎగ్గొట్టాడని చెబుతారు. పేద పిల్లలకు బడి పెట్టాలన్న పట్టుదలతో అతను బిచ్చమెత్తడం మొదలుపెట్టాడు. నాలుగు డబ్బులిస్తే గుర్రమై వీపు మీద ఎక్కించుకునేవాడు. అలా వచ్చినదాన్ని వడ్డీకి తిప్పి పొలాలు కొన్నాడు. పెళ్ళి చేసుకోలేదు. 1888లో మొదటి ఉచిత పాఠశాల కట్టించాడు, 1896లో చనిపోయేలోపు మరో రెండు. పాఠం చెప్పకుండా బద్ధకించిన పంతులు ఎదుట మోకరిల్లేవాడట. రాజదర్బారు అతనికి పసుపు అంగీ పంపి సత్కరించింది.

కమ్యూనిస్టులు అధికారానికి వచ్చిన కొత్తలో, సున్ యూ దర్శకత్వంలో, జావో దాన్ కథానాయకుడిగా అతని జీవితం సినిమాగా వచ్చింది. మొదట అందరూ మెచ్చుకున్నారు. 1951 మే 20న పార్టీ పత్రిక పీపుల్స్ డెయిలీ సంపాదకీయం పిడుగులా పడింది. అందులో ఎక్కువ భాగం మావో స్వయంగా రాసినదే. భూస్వామ్య పాలకులను కూలదోయాల్సిన కాలంలో వాళ్ళ కాళ్ళ మీద పడి బడులు కట్టినవాణ్ణి పొగుడుతారా అన్నది అభియోగం. మావో భార్య జియాంగ్ చింగ్ కూడా ఉన్న బృందం అతని ఊరికి వెళ్ళి విచారించి, వూ షున్ పోకిరి, వడ్డీ వ్యాపారి, భూస్వామి అని తేల్చింది. 1966లో, సాంస్కృతిక విప్లవం రోజుల్లో, రెడ్ గార్డులు సమాధి తవ్వి, అవశేషాలను ఊరేగించి తగలబెట్టారు. ఆ విమర్శ ఏకపక్షమని పార్టీ సిద్ధాంతకర్త హు చావోము ఒప్పుకున్నది 1985లో.

అదే కాలంలో మరో దాతకు ఎర్ర తివాచీ పరిచారు. సింగపూర్‌లో రబ్బరు వ్యాపారంతో సంపాదించిన తాన్ కా కీ 1921లో షియామెన్ విశ్వవిద్యాలయం స్థాపించాడు. 1934లో కంపెనీ మూతపడ్డా దాన్ని వదల్లేదు, 1937లో ప్రభుత్వానికి అప్పగించాడు. 1950లో స్వదేశానికి తిరిగొచ్చి కొత్త ప్రభుత్వం పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ కట్టింది చదువుల గుడులే. బిచ్చగాడు చేసిన పాపమల్లా పాత రాజుకు దండం పెట్టడమే.

1950లలో ప్రైవేటు ధర్మసంస్థలు మూతపడడమో ప్రభుత్వంలో కలిసిపోవడమో జరిగింది. దానధర్మాలు చెడ్డవి కావని 1994లో అదే పీపుల్స్ డెయిలీ రాయాల్సి వచ్చింది. జనం దానికోసం కాచుకున్నట్టే ఉన్నారు. 2008 మేలో సిచువాన్ భూకంపం దాదాపు 70 వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు డబ్బు వెల్లువెత్తింది. ఆ ఏడాది మొత్తం విరాళాలు 10,000 కోట్ల యువాన్లు దాటాయి. భూకంపం పేరిట వచ్చినదాంట్లో అధిక భాగం చివరికి చేరింది ప్రభుత్వ ఖాతాలకే.

ఇచ్చేవాడికి లెక్క అడిగే హక్కు ఉందని గట్టిగా చెప్పినవాడు గాజు వ్యాపారి త్సావో దెవాంగ్. 2010లో నైరుతి ప్రాంతాల్లో అనావృష్టి వచ్చినప్పుడు ఆయన 20 కోట్ల యువాన్లు ఇచ్చాడు, ఒట్టి నమ్మకం మీద కాదు, ఒప్పంద పత్రంతో. 90 వేలకు పైగా కుటుంబాలకు ఇంటికి 2,000 చొప్పున ఆరు నెలల్లో అందాలి. పొరపాట్లు నూటికి ఒకటి మించితే పంచే సంస్థే నష్టపరిహారం కట్టాలి. నిర్వహణ ఖర్చు 3 శాతం దాటకూడదు. చైనా దాతృత్వ చరిత్రలో ఈ కాగితం విలువ అందులోని సొమ్ము కంటే ఎక్కువ.

2021 వ్యవహారం దీనికి పూర్తిగా తలకిందులు. ఏప్రిల్‌లో ప్రభుత్వం ఇంటర్నెట్ వ్యాపార సంస్థ అలీబాబాకు 1,820 కోట్ల యువాన్ల జరిమానా వేసింది. ఆగస్టులో షీ జిన్‌పింగ్ అందరికీ సంపద అనే నినాదాన్ని ముందుకు తోశాడు. మర్నాడే మరో ఇంటర్నెట్ సంస్థ టెన్‌సెంట్ దానికోసం 5,000 కోట్లు ప్రకటించింది. సెప్టెంబరులో అలీబాబా 10,000 కోట్లంది. వీటిని దానాలనడం కష్టం, అడక్కుండా కట్టిన కప్పాలు. పల్లెల్లో పేదవాడికి ఆ డబ్బు పనికొస్తుంది, కాదనలేం. కానీ కాదనే వీల్లేని చోట ఇచ్చినవాణ్ణి దాత అని పొగడడం దండగ.

చైనాకు దాతృత్వ చట్టం 2016లో వచ్చింది. దాన్ని సవరించి 2024 సెప్టెంబరు 5 నుంచి అమలు చేస్తున్నారు. దాతృత్వ కార్యక్రమాలన్నీ కమ్యూనిస్టు పార్టీ నాయకత్వంలోనే సాగాలని ఆ సవరణలో కొత్తగా చేర్చారు.