దాచుకున్నన్నాళ్లూ బాధే!

మైదానంలో అలుపెరగకుండా పరుగెత్తే మనిషి రోజంతా బాత్రూమ్‌కి పరుగులు తీయాల్సివస్తే? స్కాట్లాండ్ ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్ డారెన్ ఫ్లెచర్‌కి అదే జరిగింది. 2004లో ఇరవయ్యేళ్లకే జాతీయజట్టుకి కెప్టెన్‌గా వ్యవహరించాడు. మాంచెస్టర్ యునైటెడ్‌లోనూ కీలక ఆటగాడే. అలాంటివాణ్ని పెద్దపేగులో పుండ్లు పడి రక్తం పోయే అల్సరేటివ్ కొలైటిస్ పీల్చి పిప్పిచేసింది. బయటికి చెప్పుకోలేక తోటి ఆటగాళ్ల దగ్గర ఏవో సాకులు చెప్పేవాడు. చివరికి 2011 డిసెంబరులో క్లబ్బే విషయం ప్రకటించి, విశ్రాంతినిచ్చింది. 2013 జనవరిలో ఆపరేషన్ అయింది. ఇక ఆడటం కష్టమేననుకుంటే... ఆ డిసెంబరులోనే మళ్లీ బరిలోకి దిగాడు! 2015లో వెస్ట్ బ్రామ్‌కి వెళ్లి, అక్కడా కెప్టెనయ్యాడు. దేశం తరఫున మొత్తం 80 మ్యాచ్‌లు ఆడాడు. అంతకన్నా మంచిపని- తన జబ్బు గురించి నలుగురిలో మాట్లాడటం. మనింట్లోనూ ఇలాంటివి దాచుకునేవాళ్లుంటే మొహమాటపడకుండా డాక్టరుకి చెప్పమనండి.